ఒకటి కలిపిన లెక్క

కామేశ్వరికి భయపడటానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. పోస్టులో ప్రభుత్వ ముద్ర ఉన్న కవరు కనిపిస్తే భయం. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే భయం. హైవే మీద పక్క లేన్‌లోకి పెద్ద ట్రక్కు వస్తే స్టీరింగ్‌ని రెండు చేతులతో బిగించి పట్టుకుని, అది దాటిపోయేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. టెక్సాస్‌లోని కాపెల్‌కి కాపురానికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఇల్లు పాతబడింది, కారు రెండుసార్లు మారింది, భయం మాత్రం కొత్తగానే ఉంది. "నువ్వు భయపడని రోజేదో ముందే చెప్పు, సెలవు పెట్టి ఇంట్లో ఉంటాను," అని భర్త గౌరీశంకర్ ఎగతాళి చేస్తాడు. ఆయనకేం, ఆయన పడాల్సిన భయాలు కూడా ఈవిడే పడుతోంది మరి.

ఇలాంటి మనిషి పద్దెనిమిది మంది అయిదేళ్ళ పిల్లల్ని ఏలే పనిలోకి ఎలా వచ్చిందని తెలిసినవాళ్ళందరూ అడుగుతారు. కూతురు ఇషిత కిండర్‌గార్టెన్‌లో చేరినప్పుడు, పిల్లని వదిలి ఇంటికి వెళ్ళడానికి భయమేసి, లంచ్ రూమ్‌లో సాయం చేస్తానని వాలంటీర్‌గా పేరిచ్చింది. అలా మొదలైంది. పాల డబ్బాలు తెరిచిపెట్టడం, జిప్పులు వేయడం, ముక్కులు తుడవడం. ఏ పిల్ల ఏడ్చినా వచ్చి ఈవిడ వేలే పట్టుకునేది. తర్వాత అదే స్కూల్లో టీచర్‌కి సహాయకురాలైంది. ఇషిత కాలేజీకి వెళ్ళిపోయాక పరీక్షలు రాసి, మూడేళ్ళ క్రితం తనకంటూ ఒక క్లాసు సంపాదించుకుంది.

ఆమెకి ఇంగ్లీషు రాక కాదు. వచ్చు, కానీ కంగారు పడితే మాటలు గొంతులోనే ఆగిపోతాయి. అందుకని బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. 'మోర్', 'ఫ్యూవర్', 'ఈక్వల్' అనే మాటల్ని నోటితో విడమరిచి చెప్పే అవసరం లేకుండా, అరచేతి వెడల్పు అట్టల మీద రంగులతో గీసింది. ఒక పళ్ళెంలో అయిదు ఇడ్లీలు, పక్క పళ్ళెంలో రెండు. తక్కువ ఉన్న పళ్ళెం ముందు మూతి ముడుచుకున్న పిల్లాడు. అది 'ఫ్యూవర్'. అమెరికన్ పిల్లలు వాటిని తెల్ల కుకీలనుకున్నారు, పాఠానికి వచ్చిన నష్టమేమీ లేదు. కిరాణా కొట్టు తరాజు 'ఈక్వల్'. చీమల బారు గీసి దానికింద 'లైన్' అని రాసింది. బల్ల కింద ముడుచుకుని, కళ్ళు మూసుకుని, ముందుకాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకున్న పిల్లి 'అండర్'. లెక్కల్లో అంకెలకన్నా ముందు ఈ మాటలు రావాలి, మాట తెలియని పిల్లకి లెక్క రాదని ఆమె గట్టి నమ్మకం. పక్క క్లాసు మిస్ టోరెస్ ఈ అట్టల్ని కాపీ చేసుకుని వాడుకుంటుంటే కామేశ్వరికి సంతోషం, కొంచెం భయం.

ఇక అసలు భయం పిల్లల్ని లెక్కపెట్టడం దగ్గర ఉంది.

రాజమండ్రిలో వాళ్ళ అమ్మమ్మ బియ్యం కొలిచేటప్పుడు మొదటి కొలతని ఒకటి అనేది కాదు, 'లాభం' అనేది. ఆ తర్వాతే రెండు, మూడు. అది అందరిళ్ళలోనూ ఉన్నదే. మనవల్ని లెక్కపెట్టడానికి మాత్రం ఆవిడకి సొంత పద్ధతి ఒకటుండేది. "పిల్లల్ని ఉన్నంతమందే అని లెక్కపెట్టకూడదే, దిష్టి. ఒకటి కలిపి చెప్పాలి," అని వసారాలో ఉన్న రోకలిని కూడా కలిపి లెక్కచెప్పేది. సెలవులకి తొమ్మిది మంది మనవలు చేరితే పదిమంది అనేది. కామేశ్వరి పెద్దదైంది, బీకాం చదివింది, సముద్రాలు దాటింది, ఇవన్నీ చాదస్తాలని కూతురికి చెప్పింది. కానీ క్లాసు చేతికొచ్చిన మొదటి రోజు తలుపు దగ్గర పిల్లల్ని వరసలో నిలబెట్టి లెక్కపెడుతుంటే, పద్దెనిమిది దగ్గర నోరు ఆగలేదు. బెంగగా చుట్టూ చూసింది. పుస్తకాల మూల ఎవరో ఇచ్చిపోయిన పెద్ద ఎలుగుబంటి బొమ్మ కనిపించింది. అది అయిదేళ్ళ పిల్లాడంత ఉంటుంది, పేరు బటన్. "నైన్‌టీన్," అని దాని వైపు వేలు చూపించి, అప్పుడు ఊపిరి తీసుకుంది.

పిల్లలకది ఆటైపోయింది. రోజూ పంతొమ్మిది అనగానే ఆమె "వన్ లెస్?" అని అడగాలి, వాళ్ళు "ఎయిటీన్" అని అరవాలి. ప్రిన్సిపల్ మిసెస్ కార్వర్ ఒకసారి తలుపు దగ్గర నిలబడి చూసి, పిల్లలకి 'వన్ మోర్', 'వన్ లెస్' ఇంత చక్కగా నేర్పినవాళ్ళని చూడలేదని మెచ్చుకుంది. కామేశ్వరి తలొంచుకుని థాంక్స్ చెప్పింది. దిష్టి అనే మాటని ఇంగ్లీషులో చెప్పే ధైర్యం ఆమెకెక్కడిది? బటన్ వెంట లేని చోట, ఫైర్ డ్రిల్‌లాంటి వాటిలో, తన గుండెల మీదే వేలు పెట్టుకుని పంతొమ్మిది చేసేది.

మూడో ఏడాది జనవరిలో, క్లాసు వదిలి వెళ్ళిన ఒక పిల్లాడి చోటులోకి మైత్రి వచ్చింది. హైదరాబాద్ నుంచి కొత్తగా దిగిన పిల్ల, ఊదారంగు బూట్లు, నూనె రాసి బిగించిన రెండు జడలు. ఇంట్లో గలగలా మాట్లాడుతుందని తల్లి చెప్పింది. బడిలో మాత్రం పెదవి విప్పలేదు. ఇంగ్లీషు రాదు, తెలుగులో పలకరించేవాళ్ళు లేరు. ఉన్న ఒక్క మనిషికి భయం. సహాయకురాలిగా ఉన్న రోజుల్లో, కామేశ్వరి కొందరు పిల్లలతో వాళ్ళ భాషలో గుసగుసలాడుతోందని ఎవరో తల్లి ఆఫీసుకి మెయిల్ పెట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. అయినా ఆ రోజు నుంచి బడి గుమ్మంలో అడుగుపెడితే ఆమె తెలుగు నోట్లోనే ఉండిపోయేది. మైత్రితో కూడా ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదు. బదులుగా ఇద్దరికీ మధ్య ఒక ఏర్పాటు చేసుకుంది. బోర్డు పక్కనున్న స్టాండు మీద ఏ బొమ్మ పెడితే మైత్రి అది చెయ్యాలి. చీమల బారు పెడితే లైన్‌లోకి, పళ్ళెం పెడితే లంచ్‌కి. ఆ పిల్ల మాటకన్నా బొమ్మనే నమ్మడం నేర్చుకుంది. ఎంత చక్కగా నమ్మిందో చూసి కామేశ్వరి మురిసిపోయింది కూడా.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆకాశం కాకరకాయ రంగుకి తిరిగింది. పొద్దుటి నుంచీ టోర్నడో వాచ్, అంటే సుడిగాలి రావచ్చని, ఫోన్లు కుయ్యిమంటూనే ఉన్నాయి. ఆ ఊళ్ళో వసంతకాలంలో అది మామూలే, ఎవరూ పట్టించుకోరు, కామేశ్వరి తప్ప. ఆమె కిటికీవైపు చూడకుండా పాఠం చెబుతోంది. 'అండర్' బొమ్మని స్టాండు మీద పెట్టి, పిల్లి ఎక్కడుందని అడగబోతుండగా ఊరంతటికీ వినిపించే సైరన్ మోగింది. మైకులో మిసెస్ కార్వర్ గొంతు, ఇది డ్రిల్ కాదని చెప్పింది.

కామేశ్వరి తలుపు దగ్గరికి ఉరికింది. "లైన్ అప్, లైన్ అప్," అని రెండుసార్లు అరిచింది. పిల్లలు తలుపు దగ్గరికి పరిగెత్తారు. ఆమె గది కట్టడం చివర ఉంది, మూడు వైపులా కిటికీలే. అందరూ నడవ దాటి, బరువైన జంట తలుపుల అవతల ఉన్న నడిమి హాల్లోకి వెళ్ళాలి. దారిలోనే కరెంటు పోయింది. ఎమర్జెన్సీ దీపాల పసుపు వెలుతురులో పిల్లలు నేర్చుకున్నట్టే గోడవైపు తిరిగి మోకాళ్ళ మీద వంగి, చేతులు మెడ వెనక పెట్టుకున్నారు. మొహాలు కనిపించవు, వీపులే. కామేశ్వరి వీపులు లెక్కపెట్టింది. పద్దెనిమిది. తన గుండెల మీద వేలు పెట్టుకుంది. పంతొమ్మిది. మెడలో వేలాడే అట్టకి ఒకవైపు ఆకుపచ్చ, ఒకవైపు ఎరుపు ఉంటాయి. అందరూ ఉంటే ఆకుపచ్చ, ఒక్కరు తగ్గినా ఎరుపు చూపించాలి. ఆకుపచ్చ పైకెత్తింది. మిసెస్ కార్వర్ టార్చి వెలుతురు ఆ అట్ట మీద ఒక్క క్షణం ఆగి ముందుకు పోయింది. జంట తలుపులు మూసుకున్నాయి.

వడగళ్ళు మొదలయ్యాయి. పైకప్పు మీద ఎవరో బండరాళ్ళు దొర్లిస్తున్నట్టుంది. పిల్లలు ఏడుస్తున్నారు. కామేశ్వరికీ ఏడుపొస్తోంది. అయినా వరస పొడవునా వంగి నడుస్తూ ఒక్కొక్క వీపు మీదా చెయ్యి వేసి నిమరసాగింది. ప్రతి వీపూ వెచ్చగా, గబగబా కదులుతోంది. ధృవ్ వీపు, ఈషాన్ వీపు, ఆ పక్కన పసుపు జాకెట్. దాని మీద చెయ్యి వేసింది.

ఆ వీపు కదలడం లేదు. చెయ్యి మెత్తగా లోపలికి దిగిపోయింది.

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. జాకెట్ టోపీ వెనక్కి లాగితే బొచ్చు చెవి బయటికొచ్చింది. బటన్.

"బటన్‌కి భయమేస్తుందని తీసుకొచ్చా, మిస్ కామేశ్," అన్నాడు ధృవ్ ఇంగ్లీషులో, వెక్కుతూ. "నా జాకెట్ ఇచ్చా."

కామేశ్వరి వరస మొదటి నుంచీ బూట్లు చూసింది. ఊదా రంగువి లేవు. ఆ క్షణంలో సైరన్ మోగినప్పటి తన చేతులు తనకి కనిపించాయి. అరిచింది, తలుపు తీసింది, పిల్లల్ని తోసింది. చీమల బారు బొమ్మ స్టాండు మీద పెట్టలేదు. అక్కడ పిల్లి బొమ్మే ఉంది. మైత్రి బల్ల కింద ఉంది. చూడకుండానే ఆమెకి తెలిసిపోయింది.

ఇక్కడ కామేశ్వరి గురించి ఒక నిజం చెప్పాలి, దాచి లాభం లేదు. ఆమె వెంటనే పరిగెత్తలేదు. గోడకి ఆనుకుని నిలబడిపోయింది. అట్ట తిప్పితే హాల్లో ఉన్న టీచర్లందరూ చూస్తారు. ఆకుపచ్చ చూపించి పిల్లని వదిలేసి వచ్చిన మనిషని పేరు పడుతుంది. ఉద్యోగం పోతుంది, ఆ తల్లికి మొహం చూపించలేదు. ఎవరికీ తెలియకుండా జారుకుని, పిల్లని తెచ్చి వరసలో కూర్చోపెడితే? అంత భయంలోనూ ఈ లెక్కంతా ఆమె బుర్రలో నడిచింది. ఆ నిలబడ్డ కాసేపటికి తర్వాత ఎన్నడూ ఆమె తనని తాను క్షమించుకోలేదు.

పైన ఏదో ఫెళ్ళున విరిగింది. కామేశ్వరి అట్టని ఎరుపు వైపు తిప్పి తలమీదుగా పైకెత్తింది. "నా పిల్ల ఒకత్తి లేదు," అని అరిచింది. అరిచింది తెలుగులో. ఇన్నేళ్ళ తర్వాత ఆ బడిలో ఆమె గట్టిగా మాట్లాడిన మొదటి తెలుగు మాట అదే. ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు, ఎర్ర అట్ట అందరికీ అర్థమైంది. మిస్ టోరెస్ లేచి వచ్చి ఆమె పిల్లల వెనక నిలబడింది. మిసెస్ కార్వర్ టార్చితో పరిగెత్తుకొచ్చి, "నువ్వు ఇక్కడే ఉండు, నేను వెళ్తాను, ఏ పిల్ల, ఎక్కడ?" అంటోంది. కామేశ్వరి అప్పటికే జంట తలుపుల కడ్డీని భుజంతో నెట్టేసింది. వేరెవరు వెళ్ళి పిలిచినా మైత్రి రాదు, ఆ పిల్లకి పిలుపు అర్థం కాదు.

నడవలో గాలి ఎదురొచ్చింది. చివరి తలుపు అద్దం పగిలి నేలంతా వడగళ్ళు, గాజు ముక్కలు. హైవే మీద గంటకి యాభై మైళ్ళు దాటని మనిషి చెప్పులు జారిపోయినా ఆ గాజు ముక్కల మీద పరిగెత్తింది. భయం తగ్గి కాదు. ఆగిపోతే మళ్ళీ కదల్లేనని భయపడి పరిగెత్తింది.

గదిలో కాగితాలు ఎగురుతున్నాయి. స్టాండు పడిపోయింది. పిల్లి బొమ్మ నేల మీద వెల్లకిలా ఉంది. అర్ధచంద్రాకారపు బల్ల కింద, గోడవైపు, ఊదారంగు బూట్లు. మైత్రి అచ్చం బొమ్మలో పిల్లిలాగే ముడుచుకుని కూర్చుంది, రెండు చేతులూ ముందు దగ్గరగా పెట్టుకుని. కళ్ళు గట్టిగా మూసుకుంది, ఎందుకంటే బొమ్మలో పిల్లి కళ్ళు మూసుకునే ఉంది.

కామేశ్వరి బల్ల కిందికి పాకి ఆ పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. సరిగ్గా అప్పుడే పెద్ద కిటికీ లోపలికి కూలింది. గాజు పెంకులు బల్ల మీద వానలా పడ్డాయి. పిల్ల తలని తన కడుపులోకి అదుముకుని, "నేనున్నా తల్లీ, నేనున్నా, కదలకు, ఏం కాదు," అంటూనే ఉంది. ఏం కాదనే నమ్మకం ఆమెకి ఇసుమంత లేదు. కానీ మాటలు తెలుగులో తడబడకుండా వచ్చాయి.

గాలి హోరు కాస్త దూరమయ్యాక మైత్రి కళ్ళు తెరిచింది. టీచర్ మొహంలోకి చాలాసేపు చూసింది. ఈవిడ తెలుగు మాట్లాడుతుందని ఆ పిల్లకి తెలియదు మరి.

"టీచర్, నన్ను లెక్కపెట్టిన్రా?"

ఆ బడిలో మైత్రి మాట్లాడిన మొదటి మాట అది. అబద్ధం చెప్పొచ్చు. అయిదేళ్ళ పిల్ల, నమ్ముతుంది.

"లేదమ్మా. నిన్ను వదిలేసి లెక్కపెట్టాను. తప్పు నాదే."

మైత్రి తల ముందుకి వంచింది. "గట్లయితే ఇప్పుడు పెట్టుండ్రి."

కామేశ్వరి చెయ్యి ఆ పిల్ల నూనె తల మీద పెట్టింది. "లాభం," అంది, అమ్మమ్మ గొంతే వచ్చినట్టు.

"అది నంబర్ కాదు కదా టీచర్."

కాదు. నిజమే. ఒళ్ళో ఉన్నది ఒక్క పిల్ల. ఆ సంఖ్యని ఉన్నదున్నట్టు పలకడానికి, గాజు ముక్కల మీద పరిగెత్తినప్పటికన్నా ఎక్కువ భయమేసింది.

"ఒకటి," అంది. దానికి ఏమీ కలపలేదు.

సుడిగాలి ఊరి శివారు పొలాల మీదుగా పోయింది. బడిలో ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. కామేశ్వరి అరికాళ్ళలో, మోచేతుల్లో గుచ్చుకున్న గాజు ముక్కలు మాత్రం క్లినిక్‌లో తీశారు. ఆ సాయంత్రమే ఆఫీసు గదిలో మిసెస్ కార్వర్ నెమ్మదిగానే అడిగింది, ముందు ఆకుపచ్చ ఎందుకు చూపించావని. కామేశ్వరి ఇంగ్లీషు వెతుక్కుంటూ చెప్పింది. చీకట్లో ఎలుగుబంటి బొమ్మని పిల్లాడనుకున్నానంది. అక్కడితో ఆగొచ్చు, ఆగలేదు. అమ్మమ్మ, రోకలి, దిష్టి అన్నీ చెప్పింది. ఒక్కొక్కరి మొహం చూసి పేరు పిలవాల్సింది, నాకు కావలసిన అంకె వచ్చిందని ఆగిపోయానంది. ఏ ఆపదా రాకూడదని మూడేళ్ళు కలిపిన ఆ ఒకటే ఇవాళ పిల్ల లేదన్న సంగతి కప్పేసిందని చెబుతూ ఏడ్చింది. మిసెస్ కార్వర్ కాగితపు రుమాళ్ళ పెట్టె ముందుకు జరిపింది. రిపోర్టు రాయక తప్పదని, పై ఆఫీసు ఏమంటుందో తనకీ తెలియదని చెప్పింది. కామేశ్వరి సరేనంది.

మైత్రి తల్లికి మాత్రం తనే ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది. చివరికి ఆవిడ, "మా పాప రేపు కూడా మీ క్లాసుకే వస్తనంటుంది," అని పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది కామేశ్వరికి.

కిటికీలకి చెక్కలు కొట్టాక, వారం తర్వాత బడి తెరిచారు. పై ఆఫీసు నుంచి ఇంకా కబురు లేదు. పొద్దున్న పిల్లలు తలుపు దగ్గర బారులు తీరారు. స్టాండు మీద చీమల బొమ్మ పెట్టి, "లైన్‌లోకి రా మైత్రీ," అని అందరి ముందూ తెలుగులో కూడా పిలిచింది కామేశ్వరి. పిలిచి, ఎవరైనా విన్నారేమోనని గుమ్మం వైపు చూసింది. తర్వాత ఒక్కొక్క తల మీదా అరచెయ్యి పెట్టి, పేరు చెప్పి, అంకె చెప్పింది. మైత్రి తన వంతు రాకముందే తల పైకెత్తి ఎదురుచూసింది. చివర్లో నిలబడ్డ ధృవ్ దగ్గర పద్దెనిమిది అయింది.

పిల్లలందరూ బటన్ వైపు తిరిగారు. అది పుస్తకాల మూల, పసుపు జాకెట్‌తోనే కూర్చుని ఉంది. పంతొమ్మిది కోసం నోళ్ళు తెరుచుకుని సిద్ధంగా ఉన్నారు. కామేశ్వరి వేలు అలవాటుగా లేచింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుంది.

"ఎయిటీన్," అంది మళ్ళీ. గుండె దడదడలాడుతోంది. అలాగే తలుపు తీసి, పిల్లల్ని ఆటస్థలానికి నడిపించుకుని వెళ్ళింది.